పాసులో పేరు

ఉద్యోగం చేసినంతకాలం నేను ఎవరింటి తలుపు తట్టినా ఆ ఇంట్లో ఎవరో ఒకరు కొత్తగా పోయి ఉండేవారు. రైల్వేలో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌కి కాగితం మీద ఎన్ని బాధ్యతలు రాసి ఉన్నా, ముఖ్యంగా చేసే పని అదే. డ్యూటీలో ఉన్నవాడో, పెన్షన్ తీసుకుంటున్నవాడో పోతే వాళ్ళింటికి వెళ్ళి, ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకుని రావాలి. భార్య ఎవరు, పిల్లలెందరు, తల్లి ఉందా, ఊళ్ళో ఇంకో సంసారం ఏమైనా ఉందా. ఏడుస్తున్నవాళ్ళ మధ్య కూర్చుని ఈ ప్రశ్నలు అడగడం ఎవరికీ సరదా కాదు. నాకు మాత్రం, ఉన్నమాట చెప్పాలంటే, కుతూహలంగానే ఉండేది. అది లేకపోతే ఆ సీట్లో అన్నేళ్ళు కూర్చోగలిగేదాన్ని కాదు.

నేను పుట్టింది బిలాస్‌పూర్ రైల్వే హాస్పిటల్లో, రిటైరైందీ బిలాస్‌పూర్‌లోనే. మా తాత విజయనగరం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని పచ్చళ్ళు పెట్టుకుందామనుకున్నాను గానీ కాలనీ పిల్లలు ఊరుకోనివ్వలేదు. "ఆంటీ, మా తాత ఏ ఊరి నుంచి వచ్చాడో కనుక్కోవచ్చా?" అని ఒకరు, "మా ఇంటిపేరు ఏమిటి ఆంటీ, ఇంట్లో ఎవరికీ తెలియదు" అని ఒకరు, ప్లాస్టిక్ ఫైళ్ళు పట్టుకుని వస్తున్నారు. వాళ్ళ కోసమూ, నా పాత సీట్లోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవే తక్కువ, వాటివల్ల ఎవరికీ ఒరిగేదీ లేదు.

ఏ ప్రశ్నకి జవాబు?

ఏ కాగితమైనా ఎవరో అడిగిన ప్రశ్నకి ఎవరో చెప్పిన జవాబు. ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబు ఒక్కటే చదివితే తప్పుదారి పడతాం.

మనవాళ్ళ పాత సర్వీసు కాగితాలు తిరగేయండి. స్వస్థలం అన్నచోట పలాస, నౌపడ, తిలారు, పొందూరు, చీపురుపల్లి అని వరసగా కనిపిస్తాయి. అది చూస్తే బిలాస్‌పూర్ తెలుగువాళ్ళంతా ప్లాట్‌ఫారాల మీదే పుట్టారేమో అనిపిస్తుంది. అసలు జరిగింది ఏమిటంటే, హిందీ గుమాస్తా "ఘర్ కహాఁ హై?", ఇల్లెక్కడ, అని అడిగాడు. ఎదురుగా నిలబడ్డ ఖలాసీకి తట్టింది పాసు. ఏడాదికి ఇన్నిసార్లు ఇంటికి ఉచితంగా రైలెక్కి వెళ్ళే పాసు స్టేషన్ పేరు మీదే ఇస్తారు గానీ ఊరి పేరు మీద ఇవ్వరు. రైలు ఆగని పల్లె పేరు చెబితే పాసు రాదేమో అని భయం. అందుకని దిగే స్టేషన్ చెప్పాడు. అబద్ధం ఆడలేదు, తనకి వినిపించిన ప్రశ్నకి జవాబు చెప్పాడు. మనవళ్ళు ఇప్పుడు ఆ స్టేషన్లో దిగి, టీ కొట్టువాడిని తాత పేరు అడిగి, నిరాశపడి తిరిగి వస్తున్నారు. స్టేషన్ దాకా కాగితం తీసుకెళ్తుంది. అక్కణ్ణించి ఎడ్లబండి ఎటు తిరిగిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలి.

వయసూ అంతే. కాలనీలో సగం మంది జూలై ఒకటిన పుట్టారు, ఎందుకంటే బడి తెరిచేది ఆ రోజు. ఉద్యోగంలో చేరినవాడి వయసు కొన్నిచోట్ల డాక్టరు మనిషిని చూసి అంచనా వేసి రాసేవాడు. ఒక కేసులో తండ్రీకొడుకుల కాగితాలు పక్కపక్కన పెడితే, కొడుకు పుట్టేనాటికి తండ్రి ఇంకా గోళీలాడుకునే వయసులో ఉన్నాడు. ఆ ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ తర్వాత వారం రోజులు ఆఫీసులో నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

రావులందరూ ఒకటి కాదు

మనకి ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. హిందీవాళ్ళకి కులం పేరో వంశం పేరో చివర. పొట్నూరు అప్పారావు అని చెబితే గుమాస్తా చివరిది ఇంటిపేరు అనుకుని "ఎ. రావు" అని రాసుకున్నాడు. కొడుకుని బళ్ళో వేసినప్పుడు వాడూ రావు అయ్యాడు, మనవడూ రావే అయ్యాడు. పొట్నూరు అన్న మాట ఎవరికీ చెప్పకుండానే ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

వ్యాపార్ విహార్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే కుర్రాడు ఒకడు తన తాత "ఎ. రావు" మీద తెగ శ్రద్ధ పెట్టాడు. తెలిసినవాళ్ళని పట్టుకుని, లోకో షెడ్డులో పనిచేసిన ఎ. రావు అన్న పేరున్న ప్రతి కాగితానికీ జిరాక్సు తీయించాడు. వంశవృక్షం గీయించి, గోల్ బజార్‌లో ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించాడు. ఆ షెడ్డులో ఎ. రావులు ఒకరు కాదు. అప్పారావు, ఆదినారాయణరావు, అప్పలనరసింహారావు, అందరూ ఎ. రావులే. వాళ్ళ భార్యలంతా కలిసి ఆ ఫ్రేములో ఈ కుర్రాడి తాతకి భార్యలయ్యారు. నాయనమ్మకి చదువు రాదు. మనవరాలు పేర్లు చదివి వినిపిస్తే ఆవిడ కర్ర ఆన్చుకుని లేచి నిలబడి, "ఈళ్ళెవుల్రా? మీ తాతకి నానొక్కర్తెనీ సరిపోనేదేటి?" అందట.

కుర్రాడు చేసిన తప్పు ఏమీ పెద్దది కాదు. కాగితాలు ఎక్కువైతే పని బాగా జరిగినట్టు అనిపిస్తుంది, నాకూ అనిపించేది. దొరికినవాటిలో మనవి కానివి పక్కన పెట్టడమే అసలు పని. ఫ్రేము కట్టించే ముందు ఆ కాగితాలు ఒక్కసారి నాయనమ్మకి చదివి వినిపించి ఉంటే సరిపోయేది.

కబాడీకి పోయినవి

తఖత్‌పూర్‌లో టీచరుగా చేస్తున్న స్వాతి అనే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్న పోయాక ఇల్లు సర్దింది. ఆధార్ కార్డులు, పెన్షన్ పుస్తకం, ఇంటి పన్ను రసీదులు అన్నీ లామినేషన్ చేయించి తెచ్చింది. నేను శుభలేఖలు అడిగాను.

"వో సబ్ తెలుగు మే థా ఆంటీ, అన్నీ తెలుగులోవే," అంది. "పాపా తర్వాత ఎవరూ చదవలేరు కదా. ఒక సంచీడు ఉండేవి. కబాడీవాలాకి ఇచ్చేశాం."

శుభలేఖలన్నీ పాతకాగితాలవాడి తక్కెట్లోకి పోయాయని వినగానే ఆ అమ్మాయి మీద కోపం ఆపుకోవడం కష్టమైంది. శుభలేఖలో రెండు ఇంటిపేర్లు ఉంటాయి, రెండు ఊళ్ళుంటాయి, ఎవరు ఎవరి ద్వితీయ పుత్రికో ఉంటుంది. రాయించినవాడికి దానివల్ల ఉద్యోగం రాదు, పాసు రాదు, పెన్షన్ రాదు. అందుకే దాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. ఎవరికీ ఏమీ తెచ్చిపెట్టని కాగితంలో అబద్ధానికి పని తక్కువ.

అలాగే అటక మీది ఇత్తడి సామాను. పెళ్ళికి ఇచ్చిన గిన్నె మీదా బిందె మీదా చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించడం మనవాళ్ళకి అలవాటు. నేను వెళ్ళిన ఇళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళ పేర్లు గవర్నమెంటు కాగితాల్లో కన్నా గిన్నెల మీదే సరిగ్గా ఉండేవి. గిన్నెని సాక్ష్యంగా పెట్టమని ఏ రూలులోనూ లేదు. కానీ సొంత ఇంటి సంగతి వెతుక్కునేవాడికి రూలుతో పనేముంది?

వర్మాజీ సూత్రం

నా మొదటి పైఆఫీసరు వర్మాజీ. అలహాబాద్ మనిషి, పాన్ నమిలే అలవాటు, ఒంట్లో కోపం లేదు. నేను మొదటిసారి పోయినవాళ్ళ ఇంటికి వెళ్తుంటే పిలిచి, "పహలే చాయ్ పీనా, ఫిర్ పెన్ నికాల్నా" అన్నాడు. ముందు వాళ్ళిచ్చిన టీ తాగు, ఆ తర్వాతే కలం తియ్యి అని. నాకు ఉద్యోగంలో అంతకన్నా పనికొచ్చిన మాట ఎవరూ చెప్పలేదు. టీ తాగేలోపు ఆడవాళ్ళు వంటింట్లోంచి మాట్లాడతారు, మగవాళ్ళు చెప్పనివన్నీ అప్పుడే బయటికి వస్తాయి.

ఆయన రెండో సూత్రం, "తీన్ కాగజ్ ఏక్ బాత్ బోలేఁ, తో ఫైల్ బంద్." మూడు కాగితాలు ఒకే మాట చెబితే ఇక వెతకనక్కర్లేదు. దీన్నీ ఉద్యోగమంతా పాటించాను, నా తర్వాతివాళ్ళకీ నేర్పించాను. ఆ సూత్రం ఎక్కడ తప్పుతుందో సూరిబాబు గారి పని చేసేదాకా నాకు తెలియలేదు.

సూరిబాబు గారి చీటీ

సూరిబాబు గారు రిటైరైన లోకో పైలట్. డెబ్భై దాటాయి. ఆయన తండ్రి అప్పన్న మా తాతల కాలంలో షెడ్డులో ఖలాసీ. పోయిన ఏడాది పితృపక్షాలకి ముందు ఆయన ఒక చీటీ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. గయ వెళ్ళి పిండాలు పెట్టడానికి టిక్కెట్లు తీసుకున్నారు. మోకాళ్ళు అరిగిపోయాయి, మళ్ళీ ఏడాది వెళ్ళగలనన్న నమ్మకం ఆయనకి లేదు. కాలనీ పురోహితుడు ఒక చీటీ మీద గడులు గీసి, పేర్లు నింపి తెమ్మన్నాడు. తండ్రి, తాత, ముత్తాత. తర్వాత తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు. వాటి కింద సవతి తల్లికి వేరే గడి.

సవతి తల్లి గడిలో "అప్పలనరసమ్మ" అని హిందీ అక్షరాల్లో రాసి ఉంది. తల్లి గడి ఖాళీ.

"నాను పుట్టిన యేడే అమ్మ పోనాదండి మేడమ్ గారూ," అన్నారు. "నాన్న ఆ మాటెత్తితే లేచి ఎలిపోయీవోడు. పంతులుగారేమో, పేరు తెలకపోతే దానికీ మంత్రముంది, పర్వానేదు అంతన్నారు. డెబ్భై యేళ్ళు పేరు నేకండానే ఉంచీసేను. గయలో కూడా అలగే పెట్టమంతారేటి?"

టీ ఇచ్చాను. నేను కూడా తాగాను. ఆయన పిన్ని గురించి చెప్పారు, అంటే సవతి తల్లి గురించి. ఆమె వచ్చేనాటికి ఆయన ఇంకా తప్పటడుగుల పిల్లాడు. ఆమెనే అమ్మా అని పిలిచేవాడు. బళ్ళో చదివేటప్పుడు పక్క క్వార్టర్ ఆవిడ ఎవరో, నీ కన్నతల్లి ఈవిడ కాదురా అని చెప్పింది. ఆ సాయంత్రం నుంచి పిన్నీ అన్నాడు. "దానికీ పలికినాదండి, ఏటీ అన్నేదు," అన్నారు. ఆమెకి పిల్లలు పుట్టలేదు. నాలుగేళ్ళ కిందట పోయింది, చివరిదాకా ఈయన దగ్గరే ఉంది.

"మంచిదేనా?" అని అడిగాను. ఇలాంటి ప్రశ్న ఫైల్లో ఉండదు, నేను మాత్రం ఎప్పుడూ అడుగుతాను.

"మంచిదేటండి, నన్ను పెంచినాది. కాస్త సెవుడు. బుధవారీ బజార్లో ఎవరైనా 'అప్పలనరసమ్మా' అని పిలిస్తే రెండు మూడుసార్లకిగాని తిరిగీది కాదు. కాలనీలో అందరూ సెవిటమ్మ అనీవోరు. నాను పిన్నీ అంతే మాత్రం ఏ మూలనున్నా పలికీది."

ఇంట్లోవాళ్ళ గొంతు అలవాటై ఉంటుందిలే అనుకున్నాను.

ఆయన దగ్గర మూడు కాగితాలున్నాయి. తండ్రి పోయాక పిన్నికి వచ్చిన ఫ్యామిలీ పెన్షన్ ఉత్తర్వు, పాత మెడికల్ కార్డు, ఈయన స్కూలు సర్టిఫికెట్. పెన్షన్లో భార్య పేరు అప్పలనరసమ్మ. కార్డులోనూ అంతే. స్కూల్లో తల్లి పేరు అన్నచోటా అప్పలనరసమ్మే. బళ్ళో వేసేనాటికి ఇంట్లో ఉన్నది పిన్నే కనక ఆమె పేరే రాయించి ఉంటారు. మూడు కాగితాలు, ఒకే మాట. వర్మాజీ సూత్రం ప్రకారం పిన్ని పేరు తేలిపోయినట్టే. దాన్ని పక్కన పెట్టేసి ఖాళీ గడి మీద పడ్డాను.

స్వస్థలం తిలారు అని ఉంది. సూరిబాబు గారు లోగడే తిలారు స్టేషన్లో దిగి, ఎండలో కాళ్ళరిగేలా తిరిగి, ఉత్తచేతులతో తిరిగి వచ్చారు. ఊరి పేరు ఆయనకి గుర్తులేదు. తండ్రికి ఒక చెల్లెలు ఉండేదని మాత్రం గుర్తుంది. ఏదో పెళ్ళిలో మాటా మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయట.

నా పాత సీట్లో ఇప్పుడు పనిచేస్తున్న అమ్మాయిని ఒక సాయం అడిగాను. సూరిబాబు గారి చేత దరఖాస్తు పెట్టించి, అప్పన్న పాత ఫైలు తీయించింది. అందులో కొట్టేసిన కాగితాలు చూడమన్నాను. చాలామంది చెల్లుబాటయ్యే కాగితమే చూస్తారు. నేను కొట్టేసినదాన్ని ముందు చూస్తాను. పెళ్ళికి ముందు మగవాడు తన తర్వాత హక్కుదారుగా తల్లినో చెల్లినో రాయిస్తాడు, పెళ్ళయ్యాక దాన్ని కొట్టేసి భార్య పేరు రాయిస్తాడు. కొట్టేసిన ఆ మొదటి కాగితంలో, ఇంకా ఆఫీసుకి తగ్గట్టు జవాబులు చెప్పడం నేర్చుకోని మనిషి మాట్లాడతాడు. అప్పన్న కాగితంలో స్టేషన్ కాకుండా ఊరి పేరే ఉంది, జోగివలస. చెల్లెలి పేరు నూకాలమ్మ.

సూరిబాబు గారి కొడుకు ఆ ఊరి పేరు పట్టుకుని ఫోన్ల మీద ఫోన్లు చేసి, మేనత్త మనవరాలి నంబరు సంపాదించాడు. నూకాలమ్మ ఉంది. ఎనభై ఏళ్ళు ఎప్పుడో దాటాయి, చూపు మందగించింది, మాట మాత్రం గట్టిగా ఉందని ఆ పిల్ల చెప్పింది.

ఫోన్లో మేనత్త

సూరిబాబు గారూ, ఆయన కొడుకూ, నేనూ మా ఇంట్లో కూర్చునే వీడియో కాల్ చేశాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక. పేరు ముందు అడగొద్దని సూరిబాబు గారికి చెప్పాను. పోయినవాళ్ళ పేరు ఉన్నపళంగా అడిగితే పెద్దవాళ్ళు నీళ్ళు నములుతారు. ఎవరింటి పిల్ల అని అడిగితే పేరు దానంతట అదే వస్తుంది.

"అత్తా, నాను సూరిని. అప్పన్న కొడుకుని. బిలాసుపూరు."

"ఓలమ్మ! సూరిగాడివేట్రా? ఏదీ, మొగం దగ్గరికెట్టు. ఆ బట్టతలేట్రా, అచ్చం మీ అయ్యే." ఆవిడ కాసేపు ఏడ్చింది, ఈయనా ఏడ్చారు. పెళ్ళిలో ఎవరేమన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

తర్వాత నేను అడిగాను. "పెద్దమ్మా, సూరిబాబు గారి కన్నతల్లి ఎవరింటి పిల్లండీ?"

"బొడ్డోరి పిల్ల. అప్పలనర్సు. ఈడు పాకకముందే జరమొచ్చి పోనాది."

సూరిబాబు గారు నాకేసి చూశారు. "అప్పలనర్సమ్మ పిన్ని పేరత్తా. నానడిగీది మాయమ్మ సంగతి."

"నీకేటి తెల్సురా, నువ్వప్పుడు గుంటడివి. నాను సూసినదాన్ని. అప్పలనర్సే మీయమ్మ. మీ పిన్నికా పేరు రైలోళ్ళెట్టినారు."

ఆవిడే చెప్పుకుంటూ పోయింది.

"మారుపెల్లి సేసుకుని మీ అయ్య దాన్ని తీసుకెళ్ళేటప్పటికి పాసులో పెళ్ళాం పేరు అప్పలనర్సమ్మనే ఉందట. మారిపించాలంతే ఆఫీసులో బాబుల సుట్టూ తిరగాలని నేస్తుడెవడో బయపెట్టినాడు. రైల్లో టీటీ అడిగితే అప్పలనర్సమ్మనని సెప్పు, నోరు జారితే దింపీస్తాడు అని మీ అయ్య దారి పొడుగునా నేర్పించినాడట. ఆ పిల్ల అదే వల్లించుకుంతా బిలాసుపూరు దిగినాది. తరవాత మార్సుకుందారి అనుకున్నారు. మార్సనేదు. ఆసుపత్రి కార్డూ అదే, రేసన్ కార్డూ అదే. మరి దానికి సొంత పేరు పనేటి పడినాదీ?"

బల్ల మీద మూడు కాగితాలూ ఉన్నాయి. మూడూ ఒకే మాట చెబుతున్నాయి, ఎందుకంటే మూడూ ఒకే నోటి నుంచి వచ్చాయి. పాసు చూసి కార్డు రాశారు, కార్డు చూసి స్కూల్లో రాశారు, అన్నీ చూసి పెన్షన్ రాశారు. మూడు కాగితాలుంటే చాలదు, మూడు నోళ్ళు కావాలి. వర్మాజీ ఉంటే ఆయనకి చెప్పేదాన్ని.

ఖాళీ గడి నిండింది. అమ్మ పేరు అప్పలనరసమ్మ. సూరిబాబు గారు బళ్ళో చేరినప్పటి నుంచీ ఆ పేరు ప్రతి దరఖాస్తులోనూ రాస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఖాళీ అయింది దాని కింది గడి. తనకి అన్నం పెట్టిన మనిషి పేరు ఆయనకి తెలియదు.

"మరి పిన్ని పేరేటత్తా?" రెండోసారి అడిగితే గాని ఆవిడకి వినిపించలేదు.

నూకాలమ్మ మనవరాలిని మంచినీళ్ళు అడిగింది. తాగింది. నేను చీటీ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడకీ గుర్తులేకపోతే ఇక అడగడానికి ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

"తవిటమ్మ," అంది. "దానికి ముందు పుట్టినోళ్ళు ఒకలూ దక్కనేదు. ఇదైనా దక్కాలని పుట్టగానే తవుడికి అమ్మీసి మల్లీ కొనుక్కున్నారు. అందుకే తవిటమ్మ. దాని అయ్యకి ప్రాణం ఆ పిల్లంతే. బిందె మీద పేరు సెక్కించి మరీ కాపరానికంపినాడు. ఉందేటి ఆ బిందె?"

సూరిబాబు గారు ఫోన్ కొడుకు చేతిలో పెట్టి వరండాలోకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు వెతికేవాళ్ళకి

ఇక్కడ నాలుగు మాటలు చెప్పి మళ్ళీ ఆయన దగ్గరికి వస్తాను. ఆడవాళ్ళ కోసం వెతికేటప్పుడు మగవాడి ఉద్యోగం కాగితాలు అక్కరకొచ్చేది తక్కువ. వాటిలో ఆమె ఎవరో ఉండదు, ఆమె ఏ పేరుతో రైలెక్కాలో మాత్రం ఉంటుంది. కాగితంతో పొసగని మాట ఇంట్లో ఎవరైనా చెబితే, దాన్ని ఇంటి కబుర్లలో కలిపేసి వదిలేయకండి, రాసుకోండి. సూరిబాబు గారు మొదటిరోజే నాకు అలాంటి మాట ఒకటి చెప్పారు, నేను టీ తాగుతూ విని ఊరుకున్నాను. పెద్దవాళ్ళకి ఇవాళే ఫోన్ చేయండి. ఫైళ్ళు ఆఫీసులో ఇంకొన్నాళ్ళు ఉంటాయి.

పిన్ని ఫైల్లో ఆమె ఇప్పటికీ అప్పలనరసమ్మే. దిద్దమని ఎవరూ అడగలేదు, నేనూ సలహా ఇవ్వలేదు.

బిందె

మర్నాడు పొద్దున్నే సూరిబాబు గారు ఆటోలో వచ్చారు. ఒళ్ళో గుడ్డ చుట్టిన ఇత్తడి బిందె. అటక మీద ఉండేదట. ఆయన హిందీ మీడియం, తెలుగు కూడబలుక్కుని కూడా చదవలేరు. మూతి కింద చుక్కల అక్షరాలు వేలితో తడిమి చూపించారు.

"సిన్నప్పుడు అడిగేనండి, ఈ రాసినదేటి పిన్నీ అని. 'ఎవులిదో బిందెరా, ఏదో పెల్లిలో మారిపోనాది' అన్నాది. మల్లీ ఎప్పుడూ అడగనేదు." ఆయన బిందె నా వైపు తిప్పారు. "సదవండి మేడమ్ గారూ."

కళ్ళజోడు పెట్టుకుని, చింతపండు రాసి తుడిచి చదివాను. ఇంటిపేరు దగ్గర అరిగిపోయింది. మిగతాది స్పష్టంగానే ఉంది. తవిటమ్మ.

"ఇంకోసారి," అన్నారు.

చదివాను.

ఆయన చీటీ తీసి, తల్లి గడిలో ఒక పేరూ, కింది గడిలో ఉన్నది కొట్టేసి ఇంకో పేరూ రాశారు. చీటీ జేబులో పెట్టుకున్నారు. బిందెని మళ్ళీ గుడ్డలో చుట్టుకుని లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"మేడమ్ గారూ," అన్నారు. "మా పిన్నికి సెవుడు నేదండి."